తొమ్మిదో ప్రశ్న బాకీ

ఫిబ్రవరి 3, మంగళవారం

ఈ రోజు పని: గుడ్డలు రెండు బకెట్లు ఉతికి ఆరేశాను. వంట రెండు పూటలా అయింది. మా అత్తగారి మందులు వారానికి సరిపడా డబ్బాల్లో సర్దాను. మీ బాబాయి డ్యూటీ చొక్కాకి గుండీలు రెండు కుట్టాను. కిటికీ అద్దాలు మిగిలాయి, రేపు.

వాగుడుకాయకి పిన్ని రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కంగారుగా, రెండోసారి చేతిలో పెన్సిలుతో. అన్నీ పాసై ఇంగ్లీషు ఓరల్ పరీక్ష ఒక్కటీ పోయిందని మీ అమ్మ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నీకు వాగుడుకాయ అని పేరు పెట్టిందే నేను. నాలుగేళ్ళప్పుడు నీ నోరు మూయించాలంటే నిద్రపుచ్చడం ఒక్కటే దారి. ఆ పిల్ల ఎగ్జామినర్ ముందు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుందంటే ఎలా నమ్ముతాను? మార్చి 17న రెండోసారి పిలుస్తారనీ, అదీ పోతే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటే పోతుందనీ రాశావు. సరే. ఇంకా నలభై రెండు రోజులున్నాయి.

తోడుగా మాట్లాడటానికి నన్నే ఎందుకు అడిగావో అర్థమైంది. అక్కడి పిల్లలైతే నవ్వుతారు, నేనైతే నవ్వను, ఇంగ్లీషు నాకూ అంతంతే. హాస్టల్లో ఫోన్లు తాళం వేసి ఆదివారం పది నిమిషాలే ఇస్తారు, ఆ పది నిమిషాలూ మీ అమ్మవి. కాబట్టి మనకి ఉత్తరాలే.

నువ్వు పంపిన పద్నాలుగు ప్రశ్నలూ నోటుబుక్కులోకి ఎక్కించాను. అన్నీ చదువు గురించీ, కాలేజీ గురించీ, పరీక్షల భయం గురించే. పద్ధతి చెబుతున్నాను. రోజుకి రెండు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు, గడియారం ఎదురుగా పెట్టుకుని ఇంగ్లీషులో, పైకి. నువ్వక్కడ, నేనిక్కడ. ఏం చెప్పామో ఉత్తరంలో తెలుగులో రాసుకుందాం. మాట్లాడని రోజు ఆ నిమిషాలు బాకీ.

మొదటి ప్రశ్నకి, పొద్దున లేచి ఏం చేస్తారన్న దానికి, ఈ పూటే జవాబు చెప్పాను. పాలు పొయ్యి మీద పెట్టడం దగ్గరే రెండు నిమిషాలూ అయిపోయాయి. మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి ఎవరితో దెబ్బలాడుతున్నావని అడిగారు. గడియారంతో అన్నాను.

తొమ్మిదో ప్రశ్న, మీరు మరిచిపోలేని పరీక్ష గురించి చెప్పండి అన్నది, తర్వాత చూస్తాను. మిగతావి వరసగా.

గదిలో రెండో మంచం ఖాళీగా ఉందనీ, పరుపు చుట్టేసి దాని మీద పెట్టె, పుస్తకాలు పెట్టుకున్నాననీ రాశావు. పుస్తకాల మీద ఏదైనా గుడ్డ కప్పు, దుమ్ము పడుతుంది.

గడియారానికి కీ ఇచ్చి ఉంచిన,
పిన్ని

*

ఫిబ్రవరి 9

పిన్నీ,

నాలుగు రోజులు, పదహారు నిమిషాలు, బాకీ సున్నా. చూశావా, నాకూ లెక్కలొచ్చాయి.

గడియారంతో దెబ్బలాట చదివి మెస్సులో ఒక్కదాన్నే నవ్వుతుంటే వడ్డించే ఆవిడ ఏమైందని అడిగింది. మా పిన్ని అన్నాను. ఆవిడకి అంతా అర్థమైనట్టే తల ఊపింది.

ఇక జవాబులు. నాలుగో ప్రశ్న, చదువులో మీకు ఎవరు సాయం చేస్తారు? నా రూమ్మేట్. పొడుగ్గా ఉంటుంది, నవ్విందంటే వరండా చివరిదాకా వినిపిస్తుంది. నేను నిద్రలేచేసరికి టీ తెచ్చి పెడుతుంది. రక్తపరీక్షల పాఠం తను ప్రశ్నలడిగితే నేను జవాబు చెబుతాను. ఐదో ప్రశ్న, మీ స్నేహితురాలి గురించి చెప్పండి. దానికీ తనే. రెండు నిమిషాలు దాటి ఇంకో అరనిమిషం మాట్లాడాను, ఎక్కడా ఆగలేదు.

నీ తొమ్మిదోది ఏమైంది?

ఇట్లు, ఇంకా వాగుడుకాయే

*

ఫిబ్రవరి 14, శనివారం

ఈ రోజు పని: పరుపులు ఎండలో వేసి తీశాను. బీరువా పై అర సర్దాను. కిటికీ అద్దాలు ఎట్టకేలకు అయ్యాయి. దిండు గలేబులు రెండు కుట్టాను. అవెందుకో కింద రాస్తాను.

నా చిన్న మేడమ్‌కి,

నీ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. రూమ్మేట్ టీ తెచ్చిపెడుతుందన్న చోట అక్క కళ్ళు తుడుచుకుంది. ఊరు కాని ఊళ్ళో నా కూతురికి ఒక మనిషి దొరికింది, ఇక నాకు నిద్ర పడుతుంది అంది. ఆ మాట వినగానే మిషన్ ముందు కూర్చున్నాను. ఈ పార్సెల్లో ఒక గలేబు నీది, నీలంది. పసుపుది ఆ అమ్మాయిది. మూల మీద ఆకులు కుట్టాను, పేరు తెలిస్తే పేరే కుట్టేదాన్ని. నువ్వు రాయలేదు.

ఇక్కడ నాకూ ఎగ్జామినర్ కుదిరింది. మా అత్తగారు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఊపుతారు, నేను ఆగితే, ఊఁ తర్వాత, అంటారు. అంతకన్నా ఏం కావాలి. రెండో ప్రశ్న, ఎక్కడ కూర్చుని చదువుతారంటే, పొయ్యి పక్క గట్టు మీద అని చెప్పాను. ఆరో ప్రశ్న, పరీక్ష ముందు మీకెలా ఉంటుందంటే, అరచేతులు చెమట పడతాయని చెప్పాను. గిన్నెలు తోమే చేతులకి చెమటేమిటి అనుకోకు, ఉన్నమాట చెప్పాను.

ఇప్పటికి నలభై నాలుగు నిమిషాలు. తొమ్మిదోది బాకీలోనే ఉంది. ఈ వారం పని ఎక్కువ.

ఆ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పు. నీకు చెప్పక్కర్లేదు, ఎప్పుడూ ఉన్నవే.

పిన్ని

*

ఫిబ్రవరి 20

పిన్నీ,

పార్సెల్ వచ్చింది. గలేబులు చాలా బాగున్నాయి. పసుపుది తనకి ఎంత నచ్చిందంటే ఆ పూటే దిండుకి తొడిగి పడుకుంది. మీ పిన్నికి థాంక్స్ చెప్పమంది.

ఏడో ప్రశ్న, వత్తిడి తగ్గడానికి ఏం చేస్తారు? సాయంత్రం మేమిద్దరం డాబా మీద పది రౌండ్లు నడుస్తాం. ఆరో ప్రశ్నకి మాత్రం నీ జవాబుకీ నా జవాబుకీ పొంతన లేదు. పరీక్షంటే నాకు భయం లేదని రెండు నిమిషాలూ గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

అమ్మని బెంగ పెట్టుకోవద్దని చెప్పు. బాకీ సున్నా. తొమ్మిదోది నేనైతే చెప్పేశాను, నువ్వే మిగిలావు.

నీ మేడమ్

*

ఫిబ్రవరి 25, బుధవారం

ఈ రోజు పని: వంట ఒక పూటే, రెండో పూటకి పొద్దుటిదే. గుడ్డలు నానబెట్టాను, ఉతకలేదు. నీ ఉత్తరాలన్నీ తేదీల వారీగా పేర్చి చదివాను.

అమ్మలూ,

లెక్క తేలడం లేదు. జనవరిలో రాసిన ఉత్తరంలో గదిలో మంచాలు రెండన్నావు. రెండో మంచం మీద పరుపు చుట్టేసి పెట్టె, పుస్తకాలు పెట్టుకున్నానన్నావు. ఇప్పుడు ఆ అమ్మాయి దిండుకి గలేబు తొడిగి పడుకుందన్నావు. ఎక్కడ పడుకుంది? నీ మంచం మీదా? అలాగైతే నువ్వెక్కడ పడుకుంటున్నావు?

మీ బాబాయిని అడిగాను. బస్సులో ఒక సీటులో ఇద్దరు కూర్చుంటే ఒకళ్ళు నిలబడాల్సిందేగా అన్నారు. అంటే నువ్వు నేల మీద పడుకుంటున్నావన్నమాట. పైకి టీలు తెచ్చిపెట్టి నీ మంచం లాక్కుందన్నమాట. అరిటాకు మీద ముల్లు పడ్డా ముల్లు మీద అరిటాకు పడ్డా నష్టం ఎవరికో నీకు తెలియంది కాదు. పరీక్ష ముందర నేల మీద పడుకుని నడుం పట్టేస్తే ఏమవుతుంది? పేరు రాయకపోవడానికి కారణం కూడా ఇదేనా?

మీ అమ్మకి చెప్పకుండా ఉండలేకపోయాను. అక్క సంగతి నీకు తెలుసు. తనవాళ్ళకి అన్యాయం జరిగిందని చెవిన పడితే చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరుతుంది. మార్చి 8 ఆదివారం హాస్టల్‌కి వచ్చి ఆ అమ్మాయినీ వార్డెన్‌నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడుగుతానంటోంది. టికెట్ కూడా తీసుకుంది.

ఉన్నదున్నట్టు రాయి.

పిన్ని

*

మార్చి 1, ఆదివారం

పిన్నీ, ముందు అమ్మని ఆపు. ఏం చెప్పి ఆపుతావో నీ ఇష్టం.

ఈ రోజు పది నిమిషాలూ అమ్మే మాట్లాడింది. ఆ పిల్లకి ఎలా బుద్ధి చెప్పాలో ఏ మాట తర్వాత ఏ మాట అనాలో అన్నీ చెప్పింది. నాకు ఒక్క మాట సందు దొరకలేదు. దొరికినా చెప్పేదాన్ని కాదేమో.

ఆ అమ్మాయి లేదు పిన్నీ. ఉండేది, సెప్టెంబరులో కోర్సు మానేసి వెళ్ళిపోయింది. టీ తెచ్చిపెట్టడం, డాబా మీద నడవడం ఎప్పుడూ లేవు. ఉన్న రెండు నెలల్లో మేం మాట్లాడుకున్నది కిటికీ తలుపు వేయాలా వద్దా అని మాత్రమే. పసుపు గలేబు ఇంకా కాగితంలోనే ఉంది.

మా ఇంగ్లీషు మేడమ్ ఏమంటారంటే, ఓరల్‌లో నిజమే చెప్పక్కర్లేదు, ఎగ్జామినర్ మీ ఇంటికొచ్చి చూడడు, ఆగకుండా చెప్పండి చాలు. నేను అదే పట్టుకున్నాను. ఎందుకంటే మొదటిసారి నన్నడిగింది కష్టమైన ప్రశ్న కాదు. కాలేజీలో మీ స్నేహితురాలి గురించి చెప్పమన్నారు. నాకు ఇంగ్లీషు మాటలు రాక కాదు పిన్నీ. ఎవరూ లేరు అని నోటిదాకా వచ్చింది, దాన్ని మింగేసరికి గొంతు పూడుకుపోయింది. నాలుగు నిమిషాలు బల్ల మీద ఉన్న గుండుసూదుల డబ్బా చూస్తూ కూర్చున్నాను.

అందుకని ఈసారికి ఒక స్నేహితురాల్ని తయారు చేసి పెట్టుకున్నాను. నీకు రాస్తే బాగా వంటబడుతుందనుకున్నాను. నువ్వు ఆమెకి దిండు గలేబు కుడతావని నాకేం తెలుసు?

తిట్టు, పడతాను. కానీ ఒక మాట. నెల రోజులుగా తొమ్మిదో ప్రశ్నని దాటేస్తున్నావు. నేను లేని మనిషిని పుట్టించాను, నువ్వు ఉన్న ప్రశ్నని లేనట్టు చేశావు. మనిద్దరి లెక్కల్లో ఎవరిది పెద్ద తప్పు?

నీ
అబద్ధాలకోరు

*

మార్చి 5, గురువారం

ఈ రోజు పని: వంట, గుడ్డలు, మందులు, అన్నీ పదకొండింటికే ముగించాను. తర్వాత కూర్చుని ఇది రాస్తున్నాను.

నా తల్లీ,

మీ అమ్మని ఆపాను. ఆ అమ్మాయి గది ఖాళీ చేసి వెళ్ళిపోయిందట అని చెప్పాను. అబద్ధం కాదు, తేదీ ఒక్కటే చెప్పలేదు. అక్క టికెట్ వెనక్కిచ్చేసింది, తయారు చేసుకున్న మాటలు వృథా అయ్యాయని కాస్త దిగులు పడింది. అసలు సంగతి నీ నోటితో నువ్వే చెప్పు, పరీక్ష అయ్యాక.

నిన్ను తిట్టడానికి కాగితం తీశాను. మూడు వరసలు రాసి చింపేశాను. గురివింద తన నలుపెరగదంటారు, అది నా గురించే. నీ మాటకి జవాబు ఇది. నిన్న గడియారం పెట్టుకుని, మా అత్తగారి ఎదురుగా, ఇంగ్లీషులో పైకి చెప్పాను. ఆరు నిమిషాలు పట్టింది.

పదో తరగతి. ఇంగ్లీషు ఓరల్. చదువు వల్ల ప్రయోజనాలు అని మూడు పేజీల వ్యాసం కంఠతా పట్టాను, కామా దగ్గర ఎంతసేపు ఆగాలో దాంతో సహా. ఎగ్జామినర్ పెద్దాయన. పొద్దున లేచి ఏం చేశావమ్మా అని అడిగాడు. ఆ రోజు మా అమ్మకి జ్వరం. నీళ్ళు పట్టాను, వంట చేశాను, అమ్మకి మందు ఇచ్చాను, తడి జుట్టుతోనే బడికి పరిగెత్తాను. చెప్పాలనుకుంటే పావుగంట చెప్పొచ్చు. నేను చదువు వల్ల ప్రయోజనాలు మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపి, అదే ప్రశ్న మెల్లగా మళ్ళీ అడిగాడు. నేను రెండో పేజీ ఎత్తుకున్నాను. కిటికీ దగ్గర వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "వ్యాసం పక్కన పెట్టు తల్లీ, మీ ఇంటి సంగతే చెప్పు" అన్నాడు. నేను లేచి వచ్చేశాను. మళ్ళీ ఆ బడి గుమ్మం తొక్కలేదు.

ఇంట్లో ఏం చెప్పానో తెలుసా? ఎగ్జామినరే రాలేదు, మాకు పరీక్షే పెట్టలేదన్నాను. మీ అమ్మ అప్పుడు టైలరు దగ్గర పనిచేసేది. మూడు రోజులు సెలవు పెట్టి, వెళ్ళి ఆ బడి క్లర్కు కిటికీ ముందు నిలబడింది. రేపు రా అని తిప్పారు తప్ప ఎవరూ రికార్డు తీసి చూడలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా, నా చెల్లెలి చదువు మింగేసిన బడి అని దాని ముందు నుంచి కూడా నడవదు. నిన్ను దగ్గరున్న ఆ బడిలో వేయకుండా రెండు కిలోమీటర్ల అవతల బడిలో ఎందుకు వేసిందనుకున్నావు? పదేళ్ళు నువ్వు నడిచిన నడక నా అబద్ధం మీదే.

కాబట్టి నేను చెప్పేది విను. తయారు చేసుకున్న మాట మోసుకెళ్ళడం నిండు బిందె నెత్తిన పెట్టుకుని నడిచినట్టు. ఎవరైనా పలకరిస్తే తల తిప్పలేం. ఉన్నమాటకి ఆ బరువు ఉండదు. ఈ పన్నెండు రోజులూ అన్ని ప్రశ్నలకీ మళ్ళీ మొదటి నుంచి, ఉన్నదే చెప్పు. స్నేహితురాలు లేదంటే లేదని చెప్పు. గొంతు పూడుకుపోతే పోనీ, నీళ్ళు తాగి మళ్ళీ చెప్పు.

తొమ్మిదోది నీకు చెప్పాను కానీ బాకీ తీరినట్టు రాయలేదు. చెప్పాల్సింది మీ అమ్మకి.

నీలాంటిదే,
పిన్ని

*

మార్చి 11

పిన్నీ,

నీ ఉత్తరం మంచం మీద కూర్చుని చదివాను, తర్వాత ఎందుకో లేచి పరుపు దులిపాను. నా పదేళ్ళ నడక సంగతి తర్వాత తేల్చుకుందాం.

మొదటి రోజు ఐదో ప్రశ్నకి ముప్పై సెకన్లే మాట్లాడగలిగాను. నాకు ఇక్కడ స్నేహితురాలు లేదు. రెండో మంచం మీద పుస్తకాలు పెట్టుకుంటాను. అంతే, ఆగిపోయింది. రెండో రోజు నిమిషం. మూడో రోజు ఎవరో తలుపు కొట్టారు. పక్కగది అమ్మాయి. చేతిలో ఉప్మా గరిట లాంటి పెద్ద దువ్వెన, సగం జడ. లోపలికి కూడా రాలేదు, గుమ్మంలో నిలబడి, "మొన్నటిదాకా నాటకం రిహార్సల్ చేస్తున్నావనుకున్నాను. లేని రూమ్మేట్ టీ తెచ్చిందంటుంటే, డైలాగులు బాగున్నాయే అనుకునేదాన్ని. ఈ మూడు రోజుల నుంచి చెప్పేది నిజమా?" అంది.

మా మధ్య గోడ పలచనట. నెల రోజులుగా నా ప్రశ్నలన్నీ వింటూ తనూ మనసులో జవాబులు చెప్పుకుంటోందట. తనకీ ఓరల్ పోయింది, తననీ 17నే పిలిచారు. ఏడో ప్రశ్నకి నా జవాబు వేరే అంది. ఏమిటి అన్నాను. వత్తిడొస్తే ఏడుస్తాను, తర్వాత జుట్టు దువ్వుకుంటాను అంది.

ఇప్పుడు గడియారం ఇద్దరి మధ్య పెట్టుకుంటున్నాం. బాగా పోట్లాడుకుంటున్నాం కూడా, తను నా రెండు నిమిషాల్లో దూరి మాట్లాడుతుంది. పేరు కూడా రాస్తానులే, కానీ ఇప్పుడే గలేబు కుట్టకు, ఒకటి కాగితంలో ఉంది కదా.

భయం మాత్రం పోలేదు. ఆరో ప్రశ్నకి అదే చెబుతున్నాను.

నీ బాకీ సంగతి చూడు.

వాగుడుకాయ

*

మార్చి 23

పిన్నీ,

ఈ పొద్దున లిస్టు పెట్టారు. పాస్. నూటికి యాభై ఎనిమిది. అమ్మకి వార్డెన్ ఆఫీసు నుంచే ఫోన్ చేయనిచ్చారు, నువ్వు వివరం అడుగుతావని రాస్తున్నాను.

లోపలికి వెళ్ళగానే, పొద్దున్నుంచి ఏం చేశారని అడిగారు. అందరినీ ముందు అదే అడుగుతారట. నీ ఉత్తరాల్లో పని లెక్కలాగే మొదలుపెట్టాను. ఒక బకెట్ గుడ్డలు, టీ ఒక కప్పు, సగం తాగి వదిలేశాను, పక్కగది అమ్మాయికి జడ ఒకటి. ఎగ్జామినర్ మేడమ్ కాగితం మీద నుంచి తలెత్తి చూసింది. తర్వాత స్నేహితురాలి ప్రశ్నే వచ్చింది. సెప్టెంబరు నుంచి మార్చి దాకా నాకెవరూ లేరని చెప్పాను. నీళ్ళు అడిగాను. తాగి, గోడ పలచనని చెప్పాను. మా పిన్ని గడియారంతో మాట్లాడుతుందనీ, లేని రూమ్మేట్‌కి గలేబు కుట్టి పంపిందనీ చెప్పాను. తప్పులు చాలా దొర్లాయి, నాకే తెలుస్తోంది. గంట కొట్టాక కూడా ఆవిడ, తర్వాత గలేబు ఎవరికిచ్చారు అని అడిగింది.

పక్కగది అమ్మాయీ గట్టెక్కింది, నాకన్నా రెండు మార్కులు ఎక్కువ, పొద్దున్నుంచి చంపుతోంది. పసుపు గలేబు ఇప్పుడు తన దిండుకుంది.

రూమ్మేట్ సంగతి నిన్న ఫోన్లో అమ్మకి చెప్పేశాను. అమ్మ మొత్తం వింది. తర్వాత, టీ అయినా తాగుతున్నావా, అదీ కట్టుకథేనా అంది.

ఇక నీ వంతు.

నీ
మేడమ్ (పాసైనది)

*

మార్చి 28, శనివారం

ఈ రోజు పని: గుడ్డలు ఒక బకెట్. వంట నలుగురికి, అక్క భోజనానికి వచ్చింది. గిన్నెలు అక్క తోమింది, వద్దన్నా వినలేదు. అత్తగారి మందులు. ఉత్తరం ఒకటి.

పాసైన మేడమ్‌కి,

నీ యాభై ఎనిమిదిని నోటుబుక్కు అట్ట మీద రాసుకున్నాను. మా అత్తగారు తన శిష్యురాలు పాసైందని ఎదురింటివాళ్ళకి చెప్పుకున్నారు. నిన్నో నన్నో తెలియదు.

ఈ మధ్యాహ్నం అక్క గిన్నెలు తోముతుంటే పక్కన గట్టు మీద గడియారం పెట్టాను. ఎందుకే అది అంది. అలవాటు అన్నాను. చెప్పాను. తెలుగులోనే చెప్పాను, ఇంగ్లీషుకన్నా కష్టమైంది. ఎగ్జామినర్ వచ్చాడనీ, నేనే లేచి వచ్చేశాననీ, మూడు రోజులు తనని ఆ కిటికీ ముందు నిలబెట్టింది బడి కాదు నేనేననీ.

అక్క చేతిలో గిన్నె తోముతూనే ఉంది. అప్పటికే తెల్లబడ్డ గిన్నె. నాలుగు నిమిషాలు, నేను గడియారం చూస్తూనే ఉన్నాను. తర్వాత గిన్నె బోర్లించి, "ఇంతకీ ఆ రోజు పొద్దున ఏం చేశావు?" అంది.

నీళ్ళు పట్టాను, వంట చేశాను, అమ్మకి మందిచ్చాను అని మొదలుపెట్టానో లేదో,

"నీళ్ళు పట్టింది నేను. నువ్వు వంట చేశావు, అదీ మాడ్చావు" అంది.

ముప్పై ఏళ్ళు దాచింది బయటపెడితే ఆవిడ పట్టుకున్నది నీళ్ళ బిందెని. అరగంట వాదించుకున్నాం. నీళ్ళు ఆవిడే పట్టిందని ఒప్పుకోవాల్సి వచ్చింది, లెక్కలో దిద్దుకున్నాను. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, పాపం ఆ బడి అంది. తర్వాత, అక్కడ పెద్దవాళ్ళు పదో తరగతి కట్టొచ్చట, మొన్న ఎవరో అన్నారు, సోమవారం వెళ్ళి అడుగుదాం, ఈసారి కిటికీ ముందు నువ్వు నిలబడు అంది. సోమవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. కానీ సాయంత్రం అక్క ఏ దారిన వెళుతుందోనని కిటికీ లోంచి చూశాను. బడి ముందు నుంచే వెళ్ళింది.

నీ పదేళ్ళ నడకకి ఏం చేయాలో తోచలేదు. సెలవులకి వచ్చినప్పుడు నువ్వు ఎంత దూరం నడవమంటే అంత దూరం నీతో నడుస్తాను, ఇంగ్లీషులో మాట్లాడుతూ.

నోటుబుక్కులో చివరి వరస:

తొమ్మిదో ప్రశ్న. ఫిబ్రవరి 3 నుంచి బాకీ. మార్చి 28న, అక్క ఎదుట, చెల్లు.

పిన్ని